టాప్ గుడ్డ

కాజీపేట రైల్వే బడిల ముప్పై రెండేండ్లు లెక్కలు చెప్పిన
గ్రేస్ టీచరమ్మ
తన పాత ఫియట్‌ను పోచమ్మమైదాన్ దాక తనే నడుపుకొచ్చి
నా షాపు ముందట ఆపి, దిగకుండనే అడిగింది:
"ఏ జిగురు వాడుతవ్?"

టాప్ గుడ్డ ఊడి ఆమె కొప్పు మీద వాలి ఉన్నది
తడిసిన దోమతెర తీరు.
"మంచిదే వాడుత మేడం."
"మంచిది అనేది జవాబు కాదు."

మా ఉస్తాద్ యాకూబ్ మియా ఉంటె నవ్వేటోడు.
జిగురు గురించి ఆయన చెప్పింది ఇంతే:
రెండు దిక్కుల పూయాలె, రేకుకూ గుడ్డకూ.
పూయంగనే కలపొద్దు, జర ఆరనియ్యాలె.
వేలు మడిచి ఎనుక దిక్కుతోని ముట్టుకుంటె
అంటినట్టుండాలె,
వెంట రావొద్దు.

పాత బానెట్ రేకు ఈడ్చుకొచ్చి
నాలుగు గుడ్డముక్కలు అతికిచ్చి
అవి కిందికి వేలాడేటట్టు రెండు డ్రమ్ముల మీద బోర్లిచ్చిన,
రోళ్లు పగిలే రోహిణి ఎండల.
ఒకటి సైకిల్ పంచర్ సొల్యూషన్.
ఒకటి చెప్పులు కుట్టే ఐలయ్య డబ్బల మిగిలింది.
ఇంకోటి హైదరాబాద్ నుంచి తెప్పిచ్చింది, ధర చెప్పాల్నంటె నాకే భయం.
నాలుగోది టీచరమ్మ పట్టువట్టి ఉడికిచ్చింది,
చింతగింజల అంబలి,
చేర్యాల బొమ్మలోళ్లు గుడ్డకు పట్టిచ్చేది.
"ఇది బొమ్మ కాదు మేడం, కారు."
"ఎండను చెప్పనియ్యి."

మూడు రోజులు, పన్నెండు కొట్టంగనే గొడుగేసుకొని వచ్చేది.
రేకు కిందికి వంగి చూసి
సుద్దముక్కతోని మార్కులేసేది.
పంచర్ సొల్యూషన్ మొదటి రోజే పాకమైంది. సున్న.
ఐలయ్యది అంచులల్ల లేచింది, నలభై.
ధర ఎక్కువది గుంజితె గుడ్డ చినిగింది గని జిగురు కదల్లె.
చింతగింజలది రెండో పొద్దుకే
పెచ్చు లెక్క టక్కున రాలింది.
దానికి మార్కు ఎయ్యలె.
ముక్కను తీసి పర్సుల పెట్టుకున్నది.

పాత గుడ్డ ఇప్పిన.
కడ్డీలు ఐదు. ఏది ఎక్కడిదో నంబర్లేసిన,
ఒక్కటి తారుమారైనా కొత్తగుడ్డ జన్మల సాఫుగ కూసోదు.
డ్రైవర్ సీటు పైన, అరచేయంత, చాయ్ రంగు మరక.
"సారు సిగరెట్ తాగేటోడా?"
అడగకపోయేది ఉండె.
"ఇంజిన్ల బొగ్గు పొగ మింగి మింగి
సాలక, ఇది."

"ఆ ముక్క కోసి రేకుకు అతికియ్యి.
కొత్త గుడ్డకు పైన. ఎవ్వలికి కనవడొద్దు."
"దేనితోని మేడం?"
"చింతగింజలతోని."
"ఊడుతది."
"నేను గూడ చూసిన గద."

గుడ్డకూ రేకుకూ నడుమ రెండు వేళ్ల సందు ఉంటది.
ఆ సందుల ఏముందో మిస్త్రీకి తప్ప తెలవది.
అతికిచ్చిన.
నడిమి కడ్డీ నుంచి మొదలువెట్టి
ముందటద్దం దిక్కు, ఎనుకద్దం దిక్కు గుంజుకుంట పోయిన.
నోట్ల క్లిప్పులు, కండ్లల్ల జిగురు వాసన.
మిగిలిన ముడతలకు చాయ్ కేతిలి ఆవిరి పట్టిన.
వేలితోని కొడితె డప్పు లెక్క మోగింది.

మల్ల మే నెల.
ఫియట్ వచ్చి ఆగింది.
డ్రైవర్ సీటు పైన, గుడ్డ మీద
అరచేయంత అచ్చు, కిందికి ఉబ్బి.
పక్క షాపు పోరడు తొంగిచూసి
"అన్నా, నీ పని ఊడింది" అన్నడు.
చెప్పొచ్చు.
చెప్పలె.

"ఇప్పి తీసెయ్యమంటరా మేడం?"
ఆమె చెయ్యి లేపి, వేలు మడిచి,
ఎనుక దిక్కుతోని ఆ ఉబ్బును ముట్టి చూసింది.

"ఇంక ఆరలె" అన్నది.
గేరు ఏసింది.